అచ్చుకెక్కని జంట గీత

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో ముందు చెప్పేస్తాను, కొత్తగా చదివేవాళ్ళు తికమక పడకుండా. నా పేరు రమణి. రాజోలులో ఫ్లెక్సీలు, కార్డులు డిజైన్ చేసే చిన్న షాపు నాది. మా అక్క సువర్ణ ఆరేళ్ళ కిందట కువైట్ వెళ్ళింది, ఇళ్ళల్లో పనికి. దాని కూతురు శ్రీవాణి ఓణీల ఫంక్షను నగరం అనే ఊళ్ళో బావ ఇంటి దగ్గర జరిగింది. అక్క తనకి సెలవు దొరకలేదంది. రాలేనివాళ్ళని ఫోటోలో కలపడమే నా బతుకుతెరువు కాబట్టి, గుమ్మం ముందు కట్టే పెద్ద ఫ్లెక్సీలో వాణికి ఒక పక్క బావ అంజిబాబుని, రెండో పక్క అక్కని నిలబెట్టి అమలాపురం ప్రెస్సుకి పంపించాను. తెల్లారి ఫ్లెక్సీ విప్పితే అక్క ఉండాల్సిన చోట ప్రసన్న ఉంది. ప్రసన్న అంటే బావకి మేనత్త కూతురు, మొగుడు పోయిన మనిషి. అక్క వెళ్ళినప్పటి నుంచీ ఆ ఇంట్లో వండిపెడుతూ, వాణికి జడలు వేస్తూ ఉంది.

ఇక జనం నోళ్ళకి అడ్డేముంది? ఫ్లెక్సీ చేసింది ఎవరు, రమణి. సొంత అక్క బొమ్మ పీకేసి ఆవిణ్ణి పెట్టింది ఎవరు, రమణి. బావ దగ్గర ఏం పుచ్చుకుందో అన్నవాళ్ళున్నారు. అక్క మీద ఎప్పటి నుంచో కుళ్ళు అన్నవాళ్ళున్నారు. బావ ఆ ఫ్లెక్సీని దించమనలేదు, ఉంచమనలేదు, తల గోక్కుంటూ వంటల దగ్గరికి పోయాడు. వాణి మాత్రం ఓణీ కొంగు సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చి, "పిన్నీ, అమ్మ ఫోటో బాగా రాలేదా?" అని అడిగింది. తిట్టినా బాగుండేది.

ఆ తిట్టే పని మా అమ్మ చూసుకుంది. కనకమ్మ గారు. మనవరాలికి అమలాపురం నుంచి గాజులు తెస్తానని ముందు రోజంతా అక్కడే తిరిగి, ఫంక్షనుకి ఉత్త చేతులతో దిగిన మహాతల్లి. మాటలకి మాత్రం కరువు లేదు. "తోడబుట్టినదాని చోట ఇంకోదాన్ని నిలబెట్టేవు. నా కడుపున ఎలా పుట్టేవే నువ్వు?" అని షామియానా కింద, వంటవాళ్ళు కూడా గరిటెలు ఆపి వింటుండగా అంది. అంతకు ముందు రోజు రాత్రి నేను నగరంలోనే ఉండిపోయాను, పూలు కట్టడానికి. ఫంక్షను అయ్యాక రాజోలు ఇంటికి వెళ్తే అమ్మ తలుపు సగమే తెరిచి, నా బట్టల సంచి గడప బయట పెట్టి, "నా గడప తొక్కకు" అని మూసేసుకుంది. అప్పటి నుంచి షాపులోనే ఉంటున్నాను. ఫ్లెక్సీ ముక్క పరుచుకుని, సంచి తల కింద పెట్టుకుని.

అక్కకి ఎన్ని ఫోన్లు చేశానో లెక్క లేదు. ఎత్తలేదు. మెసేజీలు పెట్టాను. చదివినట్టు నీలం టిక్కులు పడుతున్నాయి గానీ ఒక్క ముక్క జవాబు లేదు. లోకమంతా నన్ను దొంగని చేసినా పడతాను, నన్ను చంకనెత్తుకుని పెంచిన అక్క కూడా నమ్మేసిందే అన్నది నాకు మింగుడు పడలేదు. ఈ పని ఎవరు చేశారో తేల్చి, అక్క ఎదుట పెట్టి, "చూడవే, నేను కాదు" అనిపించుకోవాలి. నాకు కావలసింది ఇంతే.

ప్రెస్సులో పని చేసే నాగబాబుని నిలదీస్తే పాపం భయపడిపోయి ఉన్నదంతా చూపించాడు. ఫంక్షను ముందు రోజు రెండు గంటలకి నా మెయిల్ నుంచి ఒక ఫైలు వచ్చింది. అయిదుంబావుకి నా మెయిల్ నుంచే ఇంకో ఫైలు వచ్చింది, 'ఇదే ఫైనల్, పాతది వద్దు' అని. "మీ పేరుతోనే వచ్చింది కదండీ, మీరే మార్చేరనుకున్నామండి" అన్నాడు. రెండో ఫైలు పెన్‌డ్రైవులో వేసిచ్చాడు. దాన్ని షాపుకి తెచ్చి తెరిచి, గైడ్ లైన్లు కనపడేలా మీట నొక్కాను. పోయిన వారం కథ అక్కడ ఆపాను. నిజం చెప్పొద్దూ, ఆ తరవాతది రాయడానికి చెయ్యి రాలేదు.

ఈ గైడ్ లైన్లంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెబుతాను. ఫోటోషాప్‌లో బొమ్మకి పైనా, ఎడమ పక్కనా స్కేలు ఉంటుంది. ఆ స్కేలు మీద మౌసు పెట్టి కిందికి లాగితే సన్నటి నీలం గీత ఒకటి వస్తుంది. ఆ గీతకి ఆనించి బొమ్మలు పేరిస్తే అన్నీ ఒక వరసలో ఉంటాయి. పని చేసేవాడికి తప్ప ఇంకెవరికీ అది కనపడదు, అచ్చులో పడదు. అయితే ఫైలులో మాత్రం ఉండిపోతుంది. మనం తుడిచేస్తే తప్ప పోదు. మేము ప్రెస్సుకి పంపేది పొరలు పొరలుగా విడివిడిగా ఉన్న ఫైలే, ఎందుకంటే మా కోనసీమలో ఫ్లెక్సీ మిషను ఎక్కేదాకా "పెదనాన్న గారి పేరు మర్చిపోయామండి" అని ఎవరో ఒకరు ఫోను చేస్తూనే ఉంటారు. కాబట్టి గీతలు కూడా దాంతోపాటే వెళ్తాయి.

నేను గీత కళ్ళ దగ్గర పెడతాను. మనుషులు పొట్టీ పొడుగూ ఉన్నా కళ్ళు ఇంచుమించు ఒక వరసలో ఉంటే ఒకే చోట నిలబడ్డట్టు ఉంటుంది. గల్ఫులో ఉన్న మొగుణ్ణి ఇక్కడి పెళ్ళాం పక్కన కలపాలంటే అదే కిటుకు. రెండో ఫైల్లో నేను పెట్టిన కంటి గీత అలాగే ఉంది. దానికి కింద, ప్రసన్న గడ్డం దగ్గర, ఇంకో గీత ఉంది. ఒకటి కాదు. రెండు గీతలు, పక్కపక్కనే, మధ్యలో సన్నటి సందు.

ఆ జంట గీత వేసే మనిషి నాకు తెలిసి ఈ భూమ్మీద ఒక్కరే.

మలికిపురంలో కామేశ్వరరావు మాస్టారు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు మౌసు పట్టుకోవడం నేర్పిన మనిషి. ఫోటోషాప్ రాకముందు ఆయన గోడల మీద అక్షరాలు రాసేవారు. దారాన్ని నీలిమందులో ముంచి, ఇద్దరు చెరో కొసా పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గోడ మీద నీలం గీత పడుతుంది. ఒక్క గీత వేస్తే రంగు అంటగానే చెరిగిపోతుందని ఆయన రెండు వేసేవారు, పక్కపక్కనే. అక్షరం కాలు ఆ రెండింటి మధ్యలో ఆనాలి. కంప్యూటరు కొన్నాక కూడా ఆ అలవాటు పోలేదు. తెర మీద గీత చెరగదు మాస్టారూ అని ఎంత చెప్పినా, "చెయ్యి ఊరుకోదమ్మా" అనేవారు. మనిషి బొమ్మని కూడా అక్షరంలాగే కింద నుంచి చూసేవారు, గడ్డం దగ్గర గీత పెట్టి.

నా మెయిల్ కూడా ఆయన తయారు చేసిందే. పని నేర్చుకునే రోజుల్లో, నాకు మెయిలంటే ఏమిటో తెలియనప్పుడు, ఆయన కంప్యూటర్లో ఆయనే తెరిచి, పాస్‌వర్డు కాగితం ముక్క మీద రాసిచ్చారు. పద్నాలుగేళ్ళయినా దాన్ని నేను మార్చలేదు. మా వాళ్ళెవరూ మార్చరు. ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చి పోయేవాళ్ళం, మెయిల్ తాళం మారుస్తామా?

రాత్రంతా ఆ జంట గీత వంక చూస్తూ కూర్చున్నాను. పొద్దున్నే బండి తీసి మలికిపురం వెళ్ళాను.

మాస్టారి స్టూడియో సెంటర్లో మేడ మీద. కింద కొబ్బరికాయలు లారీకి ఎత్తుతున్నారు, కాయలు దొర్లే చప్పుడు పైదాకా వస్తోంది. ఆయన ఆధార్ ఫోటోల నీలం తెర ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చెవి మిషను తీసి బనీను అంచుతో తుడుచుకుంటున్నారు. నన్ను చూడగానే మొహంలో రంగు మారింది. అది నేను చూశాను, చూడనట్టు నటించాను.

"ఏమ్మా రమణీ! ఎన్నాళ్ళకి, ఎన్నాళ్ళకి! రా, కూచో."

"కూచోడానికి రాలేదండీ. పనుండి వచ్చేను. నా సిస్టం పాడైంది. ఒక్క బారసాల ఫోటో కలిపి పెడతారేమోనని."

ఆయన చెవి మిషను పెట్టుకుని, "నువ్వు నా దగ్గరికి పనికొచ్చేవా?" అన్నారు. ఆ గొంతులో సంతోషమో, వెటకారమో నాకు అర్థం కాలేదు.

"ఆయ్. గురువు దగ్గరికి కాక ఎవరి దగ్గరికి పోతానండి?"

ఆ మాట అంటుంటే నాకే అసహ్యం వేసింది. ఇంత నక్క వినయం నా వల్ల అవుతుందని నాకు తెలీదు. కానీ సూటిగా అడిగితే "నేనా, నాకేం తెలుసమ్మా" అంటారు, అక్కడితో సరి. ఆ చేతితోనే ఒప్పించాలి.

ఒక పెన్‌డ్రైవు ఇచ్చాను. అందులో బారసాల నాడు పిల్లని ఎత్తుకున్న తల్లి ఫోటో, దోహాలో ఉన్న తండ్రి ఫోటో. నిజం పనే, మా రాజోలు వాళ్ళదే. ఆయన కుర్చీ జరుపుకుని కంప్యూటరు ముందు కూర్చున్నారు. నేను వెనక నిలబడ్డాను, పని నేర్చుకునే రోజుల్లో నిలబడ్డ చోటే. ఆయన తల వెనక వెంట్రుకలు పూర్తిగా నెరిసిపోయాయి.

"కుర్రోడు బాగా చిక్కిపోయేడు" అన్నారు తండ్రి ఫోటో చూసి. "ఎండలో పని కాబోలు."

"ఆయ్."

తండ్రి బొమ్మ కత్తిరించారు. చెవుల దగ్గర వెంట్రుకలు నెమ్మదిగా, ఒక్కొక్కటే వదిలి. తల్లి పక్కన తండ్రిని తెచ్చి పెట్టారు. స్కేలు మీద మౌసు పెట్టారు. కిందికి లాగారు. తల్లి గడ్డం దగ్గర వదిలారు. మళ్ళీ స్కేలు మీదికి వెళ్ళారు. మళ్ళీ లాగారు. మొదటి గీత పక్కనే, సన్నటి సందు వదిలి, రెండోది పెట్టారు.

నేను రెండో పెన్‌డ్రైవు తీసి, ఆయన చేతి పక్కనే బల్ల మీద పెట్టాను.

"ఇది కూడా ఒకసారి తెరవండి మాస్టారూ."

తెరిచారు. తెర నిండా వాణి, ఓణీ వేసుకుని. ఒక పక్క బావ. ఇంకో పక్క ప్రసన్న. వాళ్ళ మీంచి అడ్డంగా నా కంటి గీత, దాని కింద గడ్డం దగ్గర ఆయన జంట గీత.

ఆయన ఎడమ చెయ్యి కీబోర్డు మీదికి పోయి రెండు మీటలు నొక్కింది. గీతలు మాయమైపోయాయి. అది గైడ్ లైన్లు దాచే మీట. బాత్రూము తలుపు తీసుంటే కాలితో నెట్టేసినట్టు, ఆలోచించకుండా చేసిన పని.

నేను వంగి అవే రెండు మీటలు నొక్కాను. గీతలు మళ్ళీ వచ్చాయి.

"దాస్తే పోవండి. మీరే చెప్పేరు కదా, తుడిస్తేనే పోతాయని. తుడవడం మర్చిపోయేరు."

"రమణీ..."

"మీరేనాండి?"

ఫ్యాను తిరుగుతోంది. కింద లారీ వాడు ఎవరినో తిడుతున్నాడు. మాస్టారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

"నేనేనమ్మా" అన్నారు.

తెలిసిపోయిన సంగతే. రాత్రి నుంచి తెలిసిందే. అయినా ఆ నోటి వెంట వినేసరికి ఒళ్ళంతా భగ్గుమంది.

"ఎందుకండీ?" అన్నాను. "మీకు నేనేం చేసేనండీ? ఎనిమిదేళ్ళ కిందట నేను షాపు పెట్టుకున్నానని కోపమా? మీ బేరాలు నా దగ్గరికి వచ్చేయని కోపమా? చెప్పొచ్చు కదండీ. రమణీ, షాపు మూసెయ్యి అంటే మూసేసేదాన్ని కదండీ. మా బావ ఏమైనా చెప్పేడా? లేపోతే ఆ ప్రసన్న వచ్చి మీ కాళ్ళు పట్టుకుందా? మా అమ్మ నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టింది మాస్టారూ. పది రోజుల నుంచి నేల మీద పడుకుంటున్నాను. మా వాణి నన్ను చూసి పక్కకి తప్పుకుని పోతోంది. మా అక్క నా ఫోను ఎత్తడం లేదు. నా మెయిల్‌లోంచి, నా పేరుతో, నా ఫైలు తీసుకుని... మీకు చేతులెలా వచ్చేయండీ?"

ఇంకా చాలా అన్నాను. రాయలేనివి కూడా అన్నాను. గురువన్న మర్యాద ఎప్పుడు ఎగిరిపోయిందో నాకే తెలీదు. "మీరు" పోయి "నువ్వు" కూడా వచ్చింది ఒకచోట. ఆయన తల వంచుకుని అన్నీ పడ్డారు. చెవి మిషను తీసేసే వీలుంది ఆయనకి. తియ్యలేదు.

నేను ఆయాసపడి ఆగాక, "కోపం లేదని అబద్ధం చెప్పనమ్మా" అన్నారు. "ఉంది. ఆ రోజు నీ ఫైలు తెరిచేను కదా, మీ అక్కని నువ్వు కలిపింది చూసేను. అతుకు ఎక్కడుందో నాకే దొరకలేదు. నా దగ్గర నేర్చుకున్న పిల్ల నాకు అందనంత దూరం పోయిందే అని కడుపులో మండింది. సంతోషించాలి నేను. సంతోషం రాలేదు. అలాంటి పనిని నా చేతులతో పాడు చేసేను. ప్రసన్న ఫోటో ఆధార్‌కి దిగింది నా దగ్గరుంటే అదే పెట్టేను. వెలుగు కూడా కలవలేదు. నువ్వు చూసే ఉంటావు."

"చూసేను. వాణికి కుడి పక్క వెలుగు, ఆవిడకి ఎడం పక్క."

"ఆయ్. కలపడం నాకు చేతకాలేదు." ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "నింద నీ మీద పడుతుందని అప్పుడు తోచలేదమ్మా. పడ్డాక తెలిసింది. తెలిసేక వచ్చి చెప్పాలి. చెప్పలేదు. మాట ఇచ్చేను కదా అని సరిపెట్టుకున్నాను. మాటేమిటి, నాకు మొహం చెల్లలేదు, అదీ అసలు సంగతి."

"ఎవరికండీ మాటిచ్చింది?"

ఆయన మౌసుని పక్కకి జరిపారు.

"బావకా?"

తల అడ్డంగా ఊపారు.

"ప్రసన్నకా?"

"ఆ పిల్లకి ఏమీ తెలీదమ్మా. ఫ్లెక్సీ చూసి వంటింట్లోకి పోయి ఏడ్చిందట. పాపం, ఆవిణ్ణి ఏమీ అనకు."

"మరెవరండీ? నా కొంప ముంచమని ఎవరు చెప్పేరండీ మీకు?"

మాస్టారు నా వంక చూశారు. తరవాత జేబులోంచి ఫోను తీసి, వేలితో కిందికీ పైకీ జరిపి, ఒకచోట ఆగారు. "చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఇంక నా వల్ల కాదు" అని గొణుక్కుని ఫోను బల్ల మీద పెట్టి, మీట నొక్కారు.

వాయిస్ మెసేజీ. ఫంక్షను ముందు రోజు, మూడు గంటల ఇరవై నిమిషాలు.

"మాస్టారూ, నమస్కారమండీ. నేనండీ, సువర్ణని."

అక్క.

పది రోజులుగా ఒక్క అక్షరం పలకని మా అక్క గొంతు. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"రమణి ఇప్పుడే ఫోటో పంపిందండి, ఫ్లెక్సీది. చూసేనండి. చాలా బాగుందండి. నేను వాణి పక్కన నిలబడ్డట్టే ఉందండి. దాని బుజం మీద చెయ్యేసినట్టే ఉంది. అందుకే వద్దండి, మాస్టారూ. నేను అక్కడ ఉన్నట్టు ఉండకూడదండి. నా బొమ్మ తీసేయండి. దాన్ని ఆరేళ్ళు పెంచిన మనిషి ఉంది కదండీ, ప్రసన్న, ఆవిణ్ణి పెట్టండి. అమ్మ చోట ఎవరుండాలో పిల్లకి అలవాటు కావాలండి. రమణితో చెప్తే అది చెయ్యదండి, ఏడుస్తుంది, ఎందుకని అడుగుతుంది, నేను చెప్పలేను. మీరే చెయ్యండి. నా పాస్‌పోర్టు ఫోటో తీసింది మీరే కదండీ, ఆ చేత్తోనే ఈ పని కూడా చెయ్యండి. రమణికి మాత్రం చెప్పకండి. మీకు దణ్ణం పెడతానండి."

అక్కడితో మాట ఆగింది గానీ మెసేజీ ఆగలేదు. వెనక ఏవో చప్పుళ్ళు. కాసేపటికి ముగిసిపోయింది.

నా చెంపలు తడిసిపోయాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఎవరిని దోషిగా పట్టుకుని అక్క ముందు నిలబెడదామనుకున్నానో, ఆ దోషి అక్కే. నా మీద కోపం వచ్చి ఫోను ఎత్తడం లేదనుకున్నాను. నా మీద కోపం కాదు. నాకు జవాబు చెప్పలేక. నన్ను అందరూ కాకుల్లా పొడుస్తున్నారని తెలిసి కూడా, నా మెసేజీలన్నీ చదువుతూ కూడా, ఒక్క ముక్క రాయలేదంటే ఎంత గట్టి గుండె చేసుకుందో. ఇంత మోసమా అక్కా నాకు, అనుకున్నాను. ఎందుకే, ఏమైందే నీకు, అని కూడా అనుకున్నాను. రెండూ ఒకేసారి.

"కువైట్‌లో ఏమైనా ఇబ్బందిలో పడిందేమోనమ్మా" అన్నారు మాస్టారు. "అడిగేను. చెప్పలేదు. అంత దూరాన ఉన్న మనిషిని ఏమని గుచ్చి అడుగుతాం?"

"ఇంకోసారి పెట్టండి."

పెట్టారు. మళ్ళీ విన్నాను. ఈసారి మాటలు వినలేదు. మాటలు అయ్యాక వచ్చిన చప్పుళ్ళు విన్నాను. ఏదో మైకు. ఆడగొంతు. కంప్యూటర్లో పని చేస్తూ పాటలు వినే అలవాటు నాకు, చెవిలో పెట్టుకునే వైరు ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది. తీసి ఆయన ఫోనుకి తగిలించాను. రెండు చెవులూ మూసుకుని చివరి భాగం మాత్రం పెట్టాను.

'...రాజోలు వెళ్ళు బస్సు రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది...'

నాకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. కువైట్‌లో రాజోలు బస్సేమిటి?

"ఏమ్మా? ఏమైంది?" అన్నారు మాస్టారు. ఆయన చెవికి అది ఆనలేదు. ఆనే అవకాశం లేదు.

మళ్ళీ వెనక్కి జరిపాను. ఆ మైకు నేను వందసార్లు విన్నదే. ప్రెస్సుకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఆ బల్లల మీద కూర్చుని విన్నదే. అమలాపురం బస్టాండు.

సెలవు దొరకలేదన్న మనిషి. కూతురి ఓణీలకి విమానం టిక్కెట్టు కుదరలేదని ఏడ్చిన మనిషి. నేను ఆ పూట రాజోలు షాపులో కూర్చుని, దాని కొంగు అంచు ఒక్కొక్క పోగూ కత్తిరించి కూతురి పక్కన నిలబెట్టి, "అక్కా, నిన్ను తీసుకొచ్చేశాను చూడు" అని పంపించాను. అది అప్పటికే గంట దూరంలో ఉంది. బస్టాండులో నిలబడి చూసుకుంది ఆ ఫోటో. నడిచి వచ్చి పిల్ల పక్కన నిలబడగలిగి ఉండి, తన బొమ్మని కూడా తీసేయించుకుంది.

మెసేజీ ఇంకా మూడు నాలుగు సెకన్లు ఉంది. మైకు చప్పుడు తగ్గాక ఎవరో దగ్గరగా, ఫోను పక్కనే మాట్లాడుతున్నారు. ఇందాక పట్టించుకోలేదు. ఇంకోసారి పెట్టి, వైరుని వేలితో చెవిలోకి నొక్కి పట్టుకున్నాను.

"అయిందా? పెట్టేసి పద పెద్దపాపా, మన బస్సొచ్చింది."

అక్కని పెద్దపాపా అని పిలిచేది ఒక్కరే. నేను పుట్టినప్పటి నుంచి వింటున్న గొంతు. షామియానా కింద నన్ను పదిమందిలో కడిగేసిన గొంతు. గాజులు కొంటానని అమలాపురం పోయి ఉత్త చేతులతో వచ్చిన మనిషి గొంతు.

వైరు పీకి బ్యాగులో కుక్కాను. మాస్టారు భయంగా చూస్తున్నారు. "ఎక్కడికమ్మా? ఏం విన్నావు? నాకు చెప్పవా?"

తెర మీద వాణి ఇంకా నవ్వుతూనే ఉంది, ఆ గీతల కింద. నాకు మాత్రం మా ఇంటి గుమ్మం కనపడుతోంది. అమ్మ నన్ను తిట్టాలంటే తలుపు బార్లా తీసి వీధంతా వినేలా తిట్టే మనిషి. ఫంక్షను నాటి సాయంత్రం మాత్రం సగమే తీసింది. సంచి బయట పెట్టి, ఒళ్ళు అడ్డం పెట్టుకుని నిలబడి, గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. లోపల ఎవరో నిద్రపోతున్నట్టు.

"మా ఇంటికండీ" అన్నాను, మెట్లు దిగుతూ.